చేతినిండా పని

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం నన్ను సమయపాలన మీద మాట్లాడమన్నారు. ఆ అర్హత నాకు లేదు. పోనీ బద్ధకం మీద మాట్లాడదామంటే, పొద్దున లేచింది మొదలు ఏదో ఒక పని చేస్తూనే ఉంటాను. నాకు క్షుణ్ణంగా తెలిసిన విద్య ఒక్కటే: చేయవలసిన పనిని తప్పించుకోవడానికి మిగతా పనులన్నీ శ్రద్ధగా చేయడం. ఇందులో ముప్ఫై ఏళ్ల అనుభవం ఉంది.

కిందటేడు ఒక మిత్రుడు తన మొదటి నవల రాతప్రతి పంపి, అచ్చుకు ఇచ్చేలోగా నా అభిప్రాయం రాయమన్నాడు. రెండు రాత్రుల్లో చదివేశాను. సగం దాకా బాగుంది. అక్కణ్ణుంచి కథ అతని చేతుల్లోంచి జారిపోయింది. ఆ ముక్క అతనికి రాయాలి, అంతే. మర్నాడు పొద్దున్నే బల్ల ముందు కూర్చుని ‘ప్రియమైన’ అని రాశాను. కలం సరిగ్గా సాగడం లేదనిపించింది. పాళీ కడిగి, సిరా మార్చాను. సిరా కోసం సొరుగు తీస్తే రసీదులు చిందరవందరగా కనిపించాయి. వాటిని తేదీల వారీగా సర్ది గుండుసూదులు గుచ్చాను. తర్వాత పాత ఉత్తరాలు తొమ్మిదింటికి జవాబులు రాశాను. అందులో ఒకటి, జవాబు అక్కర్లేదని వాళ్లే రాసిన ఉత్తరం! రాత్రికి నడుము పట్టేసింది, అంత పని చేశాను. ‘ప్రియమైన’ పక్కన మాత్రం ఒక్క అక్షరం చేరలేదు.

ఇలా పదకొండు రోజులు.

సోమరి నయం. పట్టపగలు ముసుగుతన్ని పడుకున్నవాణ్ణి ఇంట్లోవాళ్లు కసురుతారు, వాడికీ ఎక్కడో సిగ్గు తగులుతుంది. రసీదులు సర్దుతున్నవాణ్ణి ఎవరేమంటారు? పాపం పనిలో ఉన్నాడని తలుపు చేరవేసి వెళ్లిపోతారు.

2014లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ రోసెన్‌బామ్, ఆయన సహచరులు ఒక చిత్రమైన ప్రయోగం గురించి రాశారు. దారి పక్కన రెండు బకెట్లు పెట్టి, ఏదో ఒకటి తీసుకుని చివరిదాకా మోయమని విద్యార్థులకు చెప్పారు. ఒకటి బయలుదేరే చోటికి దగ్గర, రెండోది గమ్యానికి దగ్గర. రెండోది ఎత్తుకుంటే మోత తక్కువ. అయినా ఎక్కువమంది దగ్గరున్న బకెట్టునే ఎత్తుకుని దారి పొడవునా మోశారు. ఎందుకంటే, పని త్వరగా అయిపోతుందని అన్నారు! చేతికి అందిందాన్ని ముందు వదిలించుకోవాలనే తొందర అది. నా రసీదులు ఆ దగ్గరి బకెట్టే.

అయితే నా జబ్బుకు అది సగం కారణమే. పెద్ద పని కనుక వెనకాడానని చెప్పుకోవడానికీ వీల్లేదు. పట్టుమని పన్నెండు వాక్యాల ఉత్తరం! వాయిదా వేయడం మీద ఏళ్ల తరబడి పరిశోధించిన ఫ్యూషియా సిరోయ్, టిమ్ పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో రాసిన వ్యాసంలో దీని మూలం ఎక్కడుందో చూపించారు. ఒక పనిని తలుచుకోగానే మనసులో పుట్టే చేదును అప్పటికప్పుడు దించుకోవడానికే మనం దాన్ని రేపటికి నెడతామట. నా విషయంలో ఆ చేదు, ఉత్తరం చదువుతున్న మిత్రుడి ముఖం. రసీదుకు ముఖం ఉండదు. దాన్ని ఎంత తప్పుగా సర్దినా నొచ్చుకోదు.

సంఘాలూ ఇంతే. 1957లో నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత వ్యంగ్యంగా వర్ణించిన సమావేశంలో అణు రియాక్టరు ప్రతిపాదన రెండున్నర నిమిషాల్లో గట్టెక్కుతుంది, సైకిళ్ల షెడ్డు మీద చర్చ నలభై ఐదు నిమిషాలు సాగుతుంది. రియాక్టరు గురించి నోరు విప్పితే తెలియనితనం బయటపడుతుంది, షెడ్డు కప్పు గురించి ఎవరైనా మాట్లాడవచ్చు.

ఈ గుణాన్నే వాడుకోవచ్చన్నారు జాన్ పెర్రీ అనే తత్వశాస్త్ర ఆచార్యులు, 1996లో. చిట్టాలో అన్నిటికంటే పైన ఒక బ్రహ్మాండమైన పని పెట్టుకుంటే, దాని నుంచి పారిపోతూ కింద ఉన్నవన్నీ పూర్తిచేస్తామట. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకు ఇచ్చే ఇగ్నోబెల్ బహుమతి కూడా 2011లో ఆ వ్యాసానికి వచ్చింది. నాకు తెగ నచ్చింది, నచ్చకుండా ఎలా ఉంటుంది! కాని పైన పెట్టే పనికి గడువు ఉన్నట్టు కనిపించాలే తప్ప నిజంగా ఉండకూడదని ఆయనే షరతు పెట్టారు. నా ఉత్తరం కోసం అవతల ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు.

పన్నెండో రోజున మళ్లీ సొరుగు మీదికి చెయ్యి పోతుంటే ఒక సంగతి తట్టింది. ఏ పని గుర్తుకు రాగానే సొరుగు సర్దాలనిపిస్తుందో, ఆ రోజుకు అదే అసలు పని. ఇప్పటికీ నాకు అదే కొండగుర్తు. చిట్టాలు అబద్ధమాడతాయి, సొరుగు ఆడదు. ఆ రోజు ‘ప్రియమైన’ ఉన్న కాగితం పక్కకు నెట్టి, కొత్త కాగితం మీద, రాయడానికి అన్నిటికంటే భయపడ్డ వాక్యమే మొదట రాసేశాను: “నూట నలభయ్యో పేజీ తర్వాత నీ నవలను నేను నమ్మలేకపోయాను.” మిగతాదంతా ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

నాలుగో రోజున జవాబు వచ్చింది. “నువ్వేమీ రాయకపోయేసరికి బాగానే ఉందనుకున్నాను. పోయిన వారమే అచ్చుకు ఇచ్చేశాను.”

పుస్తకం వచ్చాక మొదటి ప్రతి నాకే పంపాడు. దానికి చక్కగా అట్ట వేసి పెట్టాను.