ఫౌజీకి రాజకీయాలెందుకు?

(పర్లాకిమిడిలో మాజీ సైనికుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, మహేంద్రతనయ దాటి పాతపట్నం నుంచి వచ్చిన అన్నదమ్ములకు, గుణుపురం, బరంపురం వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లకు నమస్కారం.

మనం ఒక సంఘం పెట్టుకోవాలని, అది జెండా వందనానికీ సన్మానాలకే కాకుండా ఎన్నికలప్పుడు నోరు విప్పేదిగా ఉండాలని అనుకున్న దగ్గర్నుంచి ఒకే మాట వింటున్నాను. "ఫౌజీకి రాజకీయాలెందుకు?" ఈ మాట అంటున్నవాళ్లలో మన ఇళ్లవాళ్లే ఎక్కువ. ముందు దాని సంగతి చూద్దాం.

యూనిఫాంలో ఉన్నన్నాళ్లూ మనకు రాజకీయాలు లేవు, ఓటు తప్ప. రాజ్యాంగం 33వ అధికరణ ఇచ్చిన అధికారంతో, 1950 ఆర్మీ చట్టంలోని 21వ సెక్షన్ కింద మనం రాజకీయ సంఘాల్లో చేరకూడదు, పత్రికలకెక్కకూడదు. మంచి నియమమే. చుట్టుపక్కల దేశాల్లో సైన్యం గద్దెనెక్కితే ఏమైందో చూశాం. కానీ డిశ్చార్జ్ బుక్ చేతికొచ్చిన రోజునే ఆ కట్టుబాటు అయిపోయింది. ఆ తర్వాత ఈ వీధిలో కిరాణా కొట్టు నడిపేవాడికి ఉన్న హక్కులన్నీ మనకూ ఉన్నాయి. అయినా మనవాళ్లు రిటైరై ఇరవై ఏళ్లయినా ఆర్డర్ కోసం చూస్తున్నట్టే కూర్చుంటారు. ఎవరూ ఆర్డర్ ఇవ్వరు బాబూ.

అమెరికాలో 2006లో ఓట్‌వెట్స్ అని ఒక సంఘం పుట్టింది. పెట్టినవాళ్లు ఇరాక్ యుద్ధంలో పనిచేసి వచ్చినవాళ్లు, వాళ్లలో జాన్ సోల్జ్ అనే ఆర్మీ కెప్టెన్ ఒకరు. మేం వెళ్లొచ్చిన యుద్ధం గురించి మాకు తెలుసు, మా తరఫున మేమే మాట్లాడతాం అన్నారు. రిటైరైన ఇద్దరు మేజర్ జనరళ్లు 2007లో ఆ సంఘం తీసిన టీవీ ప్రకటనల్లో కనిపించి అధ్యక్షుడు బుష్ యుద్ధ విధానం తప్పని చెప్పారు. వాళ్లలో జాన్ బాటిస్ట్ అనే ఆయన ఒక టీవీ సంస్థకు సలహాదారుగా ఉండేవాడు, ఆ ప్రకటనతో ఆ పని పోయింది. ఆ సంఘం చందాలు పోగుచేస్తుంది, మాజీ సైనికులు ఎన్నికల్లో నిలబడితే వెనక నిలుస్తుంది. అది మద్దతిచ్చేవాళ్లు దాదాపు అందరూ డెమొక్రాటిక్ పార్టీవాళ్లే. అటువైపు రిపబ్లికన్లకు దగ్గరగా ఉండే మాజీ సైనికుల సంఘం కూడా ఉంది, కన్సర్న్‌డ్ వెటరన్స్ ఫర్ అమెరికా. మాజీ సైనికుడికి ప్రభుత్వ ఆసుపత్రిలోనే వైద్యం బాగుచెయ్యాలని ఒకరు, ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్లే వీలు పెంచాలని ఇంకొకరు. మన మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు పట్టుకుని రిఫరల్ కోసం తిరిగినవాళ్లకి ఈ గొడవ కొత్తగా ఏమీ అనిపించదు.

నాకు వాళ్లలో నచ్చింది, ఏ వైపు ఉన్నారో దాచుకోకపోవడం. మన దగ్గర "మేం పార్టీలకు అతీతం" అని బోర్డు పెట్టి, అభ్యర్థి పంపిన బండిలో ర్యాలీకి వెళ్లే సంఘాలను చూశాను. అంతకంటే ఇదే నయం.

అయితే వాళ్లు చేసిన ఒక పని మనం చెయ్యకూడదు. 2006 ఎన్నికల్లో వాళ్ల ప్రకటన ఒకటి బాగా పాకింది. ఒక మాజీ సైనికుడు ఏకే-47తో రెండు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ల మీద కాలుస్తాడు. పాత జాకెట్‌లోంచి గుండు దూసుకుపోతుంది, కొత్తది ఆపుతుంది. సెనేటర్ జార్జ్ అలెన్ మన కుర్రాళ్లకు ఈ కొత్త జాకెట్ ఇవ్వడానికి వ్యతిరేకంగా ఓటేశాడని చెబుతారు. చూసినవాడికి ఒళ్లు మండుతుంది. మనలో ఎవరు చూసినా మండుతుంది, ఎందుకంటే తక్కువ సామానుతో పోస్టు మీద నిలబడటం ఏమిటో మనకు తెలుసు. తర్వాత ఫ్యాక్ట్‌చెక్ అనే సంస్థ ఆ ఓటు ఏమిటో తీసి చూసింది. అది 2003లో నేషనల్ గార్డ్, రిజర్వ్ దళాల పరికరాలకు మరింత డబ్బివ్వాలన్న సవరణ. అందులో బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ అన్న మాటే లేదు. అలెన్ కొద్ది తేడాతో ఓడిపోయాడు. ఆ ప్రకటన వల్లే ఓడాడని నేను అనను. ఆయన మీద గెలిచిన జిమ్ వెబ్ కూడా వియత్నాంలో పోరాడినవాడే. 2008లో కొత్త తరం సైనికుల చదువుల ఖర్చు ప్రభుత్వం భరించే చట్టాన్ని ముందుండి తెచ్చాడు. అంటే ఫలితం మంచిదే వచ్చింది. అయినా ఆ ప్రకటన తప్పే. ఫౌజీ చెప్పాడంటే జనం లెక్క అడగరు. అడగరు కాబట్టే మనం లెక్క చూసుకుని మాట్లాడాలి.

2004లో దీనికి అద్దం పట్టినట్టు ఇంకోటి జరిగింది. జాన్ కెరీ వియత్నాంలో యుద్ధ పడవ నడిపాడు. తిరిగొచ్చాక 1967లో పుట్టిన యుద్ధ వ్యతిరేక మాజీ సైనికుల సంఘం తరఫున 1971లో సెనేట్ కమిటీ ముందు మాట్లాడాడు. ఆయన అధ్యక్ష పదవికి నిలబడినప్పుడు అలాంటి పడవల మీదే పనిచేసిన కొందరు, స్విఫ్ట్ బోట్ వెటరన్స్ పేరుతో, ఆయన పతకాలు అబద్ధమన్నారు. ఆయన పడవలో ఉన్నవాళ్లు ఎక్కువమంది ఆయన వైపే నిలిచారు. నేవీ రికార్డులూ అదే చెప్పాయి. ఎన్నిక మాత్రం పోయింది.

ఇక మన దేశం సంగతి. ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ ఏమిటో ఇక్కడున్న అక్కలకి నేను చెప్పక్కర్లేదు, పాస్‌బుక్ చూసేది మీరే. కొత్త పిల్లల కోసం చెబుతాను. జవాను చాలావరకు నలభైకి అటూ ఇటూ ఇంటికొచ్చేస్తాడు. ఆ తర్వాత బతికినంత కాలం ఆ పెన్షనే. ఒకే ర్యాంకులో ఒకే సర్వీసు చేసిన ఇద్దరు హవల్దార్లలో ముందు రిటైరైనవాడికి తక్కువ, తర్వాత రిటైరైనవాడికి ఎక్కువ వచ్చేది. వయసైనవాడికి తక్కువన్నమాట! 2008లో ఇండియన్ ఎక్స్ సర్వీస్‌మెన్ మూవ్‌మెంట్ ఈ విషయం మీద బయల్దేరింది. 2009లో మాజీ సైనికులు పతకాలు రాష్ట్రపతికి తిరిగి ఇచ్చేశారు. పెద్దగా కదలిక లేదు.

కదలిక ఎప్పుడొచ్చింది? ఎన్నికలు దగ్గరపడ్డాక. 2013 సెప్టెంబర్ 15న హర్యానాలోని రేవారీలో మాజీ సైనికుల సభలో నరేంద్ర మోదీ ఈ విషయం ఎత్తారు. 2014 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో యూపీఏ ప్రభుత్వం దీన్ని ఒప్పుకుని 500 కోట్లు చూపింది. జూలైలో కొత్త ప్రభుత్వం 1,000 కోట్లు అంది. ఆ తర్వాత మళ్లీ నెమ్మదించింది. 2015 జూన్‌లో జంతర్ మంతర్ దగ్గర రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. ఆగస్టు 14న పోలీసులు వచ్చి ముసలి ఫౌజీలను లాగి ఖాళీ చేయించబోయారు. ఆ దృశ్యం టీవీలో చూసి కోపం రానివాడు లేడు. సెప్టెంబర్ 5న రక్షణమంత్రి పారికర్ ప్రకటన చేశారు, నవంబర్ 7న ఉత్తర్వు వచ్చింది.

అడిగిందంతా రాలేదు. ఎక్కువ పెన్షన్ వచ్చేవాడితో సమానం చెయ్యమని అడిగితే, 2013లో రిటైరైనవాళ్ల గరిష్ఠ, కనిష్ఠాల సగటు ఇచ్చారు. ఏటా సవరించమంటే ఐదేళ్లకోసారి అన్నారు. సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 మార్చిలో కోర్టు ఈ విధానం తప్పుకాదంది, కానీ 2019 జూలై నుంచి రావలసిన సవరణ చెయ్యమంది. కేసు ఓడిపోయినట్టే, కానీ మన ఇళ్లల్లోకి ఎరియర్స్ వచ్చాయి. ఇందులో యుద్ధం ఎంత ఉందో, ఎన్నికలు ఎంత ఉన్నాయో మీరే లెక్కేసుకోండి.

ఇంత ఆలస్యం మనకొక్కరికే అనుకోవద్దు. మొదటి ప్రపంచ యుద్ధం సైనికులకు అమెరికా 1924లో బోనస్ పత్రాలిచ్చి 1945లో డబ్బిస్తామంది. 1932లో ఉద్యోగాల్లేక వేలమంది వాషింగ్టన్ చేరి గుడిసెలు వేసుకుంటే, జనరల్ మెక్‌ఆర్థర్ సైన్యంతో వెళ్లి బాష్పవాయువుతో తరిమాడు. గుడిసెలు తగలబడ్డాయి. ఆ బోనస్ 1936లో, అంటే మన పర్లాకిమిడి ఎస్టేటును ఒడిశాకీ మద్రాసుకీ పంచిన ఏడాదే, చేతికొచ్చింది.

మరి మనం ఏం అడగాలి? పంచిన గీత మనకింకా తగులుతూనే ఉంది. పెన్షన్ ఢిల్లీది. మిగతా సాయాలు చాలావరకు రాష్ట్రానివి. ఇక్కడున్నవాళ్లు ఒడిశా సైనిక్ బోర్డుకి, నది అవతలున్న సొంత తమ్ముడు ఆంధ్రకి వెళ్లాలి. అందుకే సంఘం ఒకటైనా డిమాండ్ల కాగితాలు రెండు ఉండాలి. ఏది ఎవర్ని అడగాలో తెలియకుండా ఎమ్మెల్యే ఇంటి ముందు పెన్షన్ కోసం కూర్చుంటే టీ ఇచ్చి పంపిస్తాడు.

పెన్షన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి వెళ్లాక వచ్చిన బాధ ఇంకోటి. డిశ్చార్జ్ బుక్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, ఒడిశా రేషన్ కార్డులో ఇంకో స్పెల్లింగ్. భర్త పోయిన అమ్మ ఈ మూడూ ఒకే మనిషివని రుజువు చెయ్యాలి. ఏ అభ్యర్థి వచ్చినా మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే కావాలని నా అభిప్రాయం. సర్జికల్ స్ట్రైక్ గురించి అతనికి మనం చెప్పగలం, అతను మనకి చెప్పక్కర్లేదు.

అగ్నివీర్ పిల్లల సంగతి కూడా ఉంది. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద సైన్యంలో చేరినవాళ్లలో నాలుగేళ్లయ్యాక నూటికి పాతికమంది దాకానే ఉంచుకుంటారు. మిగతావాళ్లకు సేవానిధి డబ్బు ఉంటుంది గాని పెన్షన్ లేదు, ఈసీహెచ్ఎస్ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. ప్రభుత్వం ఇవ్వకపోతే మనం ఇద్దాం. మన సభ్యత్వ ఫారంలో వాళ్లకి పూర్తి సభ్యత్వం ఉండాలని నేను ప్రతిపాదిస్తున్నాను. దీనికి కొందరు సీనియర్లు ఒప్పుకోవడం లేదని తెలుసు.

యూనిఫాం మాట ఒకటి చెప్పి ఆపుతాను. ప్రచారంలో సైనికుల ఫొటోలు వాడొద్దని ఎన్నికల సంఘం 2013లో పార్టీలకు చెప్పింది, 2019లో మళ్లీ చెప్పింది. మనం ఎవరికైనా మద్దతిస్తే సొంత బట్టల్లో, సొంత పేరుతో, సభ్యులు ఓటేసి తీర్మానించాకే ఇవ్వాలి. పతకాలు ఇంట్లో ఉంచి రావాలి. లేఖల మీద పేర్లు పెట్టేటప్పుడు ఆ మనిషిని అడిగి పెట్టాలి. సైన్యాన్ని రాజకీయాలకు వాడుకుంటున్నారని 2019 ఏప్రిల్‌లో మాజీ సైనికుల పేర్లతో రాష్ట్రపతికి వెళ్లిన లేఖ విషయంలో, మేం సంతకం పెట్టలేదని కొందరు బయటికొచ్చి అన్నారు. దాంతో లేఖలో ఉన్న విషయం పక్కకు పోయి, సంతకాల గొడవే మిగిలింది.

ఫారాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి, తెలుగులోనూ ఒడియాలోనూ. పీపీవో, అంటే పెన్షన్ ఉత్తర్వు, జిరాక్స్ తెచ్చినవాళ్లు ఇప్పుడే ఇవ్వొచ్చు. ఇక ప్రశ్నలు. అగ్నివీర్ల విషయంలో నాతో ఒప్పుకోనివాళ్లు ముందు మాట్లాడండి.