వెంటిలేటర్ పెట్టమంటారా అని అడిగేలోపే మాట్లాడుకోవాల్సినవి

[వంటగది. స్టవ్ మీద గంజి ఉడుకుతోంది. గొంతు మాత్రమే వినిపిస్తుంది.]

మా పెద్దమ్మకి గాల్ బ్లాడర్ కేన్సర్. లివర్‌కి పాకాక గానీ బయటపడలేదు. ఆమెకి మాత్రం "రాళ్లేలే, మందులకి కరిగిపోతాయి" అని చెప్పాం. వంటింట్లో గుసగుసలు, ఆమె గదిలోకి వెళ్లగానే నవ్వు మొహాలు. మూడు వారాలు ఇదే తంతు. ఒకరోజు గంజి పట్టిస్తుంటే స్పూను పక్కకి నెట్టి, "ఒరేయ్, బీరువాలో ఆకుపచ్చ పట్టుచీర మీ వదినకి ఇచ్చెయ్యి. నాకేం తెలీదనుకుంటున్నారా?" అంది.

ఆ మూడు వారాలూ ఆ భయాన్ని ఆమె ఒక్కతే మోసిందన్నమాట.

[కెమెరా ముందుకి]

నమస్కారం. "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అనే మాట మీరూ వినుంటారు. కేన్సర్‌ని తగ్గించే మందు ఉండకపోవచ్చు. నొప్పికి, ఆయాసానికి, వాంతులకి మాత్రం వైద్యం ఆఖరి రోజు దాకా ఉంటుంది. దాన్నే పాలియేటివ్ కేర్ అంటారు. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలో ఈ విభాగం ఉంది. చివరి దశ రోగుల్ని చూసుకునే స్పర్శ్ హాస్పిస్‌లో డబ్బు తీసుకోకుండా చూస్తారు.

[తెరపై: మార్ఫిన్ మాత్రలు, గోడ గడియారం]

మార్ఫిన్ పేరెత్తగానే మా ఇంట్లో టెన్షన్ మొదలైంది. అలవాటైపోతుందట, ప్రాణం తొందరగా పోతుందట. డాక్టర్ చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే ఈ రెండు భయాలూ అక్కర్లేదు. మామూలు మాత్రని సాధారణంగా నాలుగు గంటలకోసారి ఇస్తారు. నొప్పి వచ్చేదాకా ఆగకూడదు, గడియారం చూసి ఇవ్వాలి. మొదటి కొన్ని రోజులు మగత, వికారం ఉండొచ్చు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది కాబట్టి విరేచనం మందు కూడా మొదటి రోజు నుంచే అడగండి. మార్ఫిన్ తీసే నల్లమందు మన దేశంలోనే పండుతుంది, అయినా ఈ మాత్ర దొరకడం కష్టం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి భయపడి చాలా ఆస్పత్రులు నిల్వ పెట్టడమే మానేశాయి. 2014లో సవరించారు, కానీ పాత భయం పూర్తిగా పోలేదు.

[తెరపై: తడి దూది, చిన్న గిన్నెలో నీళ్లు]

తిండి దగ్గర గొడవ ఇంకా పెద్దది. "నాలుగు ముద్దలు తింటే ఓపిక వస్తుంది" అంటాం. చివరి రోజుల్లో ఒళ్లే తిండి అడగడం మానేస్తుంది. బలవంతంగా పెడితే పొలమారుతుంది. సెలైన్ ఎక్కిస్తే ఒళ్లు వాచి, ఆయాసం పెరగొచ్చు. తడి దూదితో పెదాలు తుడిచి, కాస్త వేజలీన్ రాస్తే హాయిగా ఉంటుంది.

[కెమెరా ముందుకి]

ఇక అసలు కష్టం. రాత్రి రెండింటికి, ఐసీయూ బయట, "వెంటిలేటర్ పెట్టమంటారా?" అని ఫారం చేతికిస్తారు. నిద్ర లేని కొడుకు ఏం చెబుతాడు? నలుగురూ ఏమంటారో అని సంతకం పెట్టేస్తాడు. లేదంటే మర్నాడు అమెరికా నుంచి దిగిన అన్నయ్య "ఎంతైనా పర్లేదు, అన్నీ చేయించండి" అంటాడు. ఆయన బాధ ఆయనది. అందుకే జబ్బు మనిషి మాట్లాడగలిగినప్పుడే ఆయన్నీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి.

ఎలా అడగాలి? "చావు గురించి మాట్లాడదాం" అని మొదలుపెడితే ఎవరూ నోరు విప్పరు. నేను మాత్రం "పెద్దమ్మా, నీకు దేనికి ఎక్కువ భయంగా ఉంది?" అన్నాను. "గొట్టాలకి. నన్ను మన వాకిట్లోనే ఉంచండిరా" అంది.

[తెరపై: స్టాంప్ పేపర్, రెండు సంతకాలు]

ఆ మాటకి చట్టంలోనూ చోటుంది. తను మాట్లాడలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితాన్ని లివింగ్ విల్ అంటారు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు దాన్ని గుర్తించింది. 2023లో పద్ధతిని తేలిక చేసింది. 18 ఏళ్లు నిండినవాళ్లు ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీతో గానీ గెజిటెడ్ ఆఫీసర్‌తో గానీ ధ్రువీకరిస్తే చాలు. తను మాట్లాడలేనప్పుడు ఎవరు నిర్ణయించాలో అందులో పేర్లు రాయాలి. అయినా అప్పటికప్పుడు మిషన్ తీసేయరు. డాక్టర్ల బోర్డులు రెండు ఉంటాయి, రెండూ ఒప్పుకోవాలి. ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వడం మాత్రం ఇప్పటికీ నేరమే.

[వాకిలి. ఖాళీ నవారు మంచం.]

మంచాన్ని వాకిట్లోకి జరిపాం. చివరి రాత్రి గొంతులో గురగుర మొదలైతే అన్నయ్య అంబులెన్స్‌కి ఫోన్ తీశాడు. నేను పాలియేటివ్ నర్సుకి చేశాను. "పక్కకి తిప్పి పడుకోబెట్టండి, దగ్గరే కూర్చుని మాట్లాడుతూ ఉండండి" అందావిడ. తిప్పాం. అన్నయ్య ఫోన్ జేబులో పెట్టుకుని, వాళ్లమ్మ చెవి దగ్గర తన చిన్నప్పటి దొంగతనాలన్నీ తెల్లారేదాకా ఒప్పుకుంటూ కూర్చున్నాడు.