పేచీకోరు ఎవరు?

(పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికీ, వేదిక మీది పెద్దలకీ నమస్కారం. పేరుపేరునా చెప్పబోతే నాకిచ్చిన పావుగంటా దానికే సరిపోతుంది, ఏమీ అనుకోకండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది. ఆయన పుట్టినరోజున వాడుకమాట గురించే మాట్లాడాలి. నేను ఎంచుకున్న మాట ఒక తిట్టు: పేచీకోరు.

‘పేచ్’ అంటే పారసీలో మెలిక. ‘కోరు’ మన కోరిక కాదు, అదీ పారసీదే. ‘ఖోర్’, తినేవాడు. లంచకోరు, చాడీకోరు ఆ వరసే. మన సొంత మాట ‘తగవు’ చూడండి. న్యాయం అని దాని పాత అర్థం. తగవరి అంటే న్యాయం చెప్పే మధ్యవర్తి. అలాంటి తగవు జగడమైపోయి, ‘తగవులమారి’ తిట్టయి కూర్చుంది.

కజ్జా గురించి కూడా రాసుకొచ్చాను గానీ, మా పెద్దత్త సంగతి చెప్పకుండా నావల్ల కాదు.

తండ్రి పోయాక పొలంలో తన భాగం అడిగిందావిడ. 1956 హిందూ వారసత్వ చట్టం ఇచ్చిందే అడిగింది. అంతే, పేచీకోరు అని పేరు పెట్టేశారు. వాయిదా రోజున గుడ్డసంచిలో నకళ్ళూ, చద్ది డబ్బా పెట్టుకుని బయల్దేరేది. ప్లీడరు గుమాస్తాకి ముందు టీ డబ్బులు, తర్వాతే కేసు మాట. పెళ్ళిళ్ళలో ఆవిడ పక్కన విస్తరి ముందు ఎవరూ కూర్చునేవారు కాదు. దావా వేసింది ఆవిడే, నిజం. పొలం దున్నుకుంటూ వాయిదా మీద వాయిదా అడిగింది మా నాన్నా, బాబాయిలూ! వాళ్ళనెవరైనా ఒక్క మాటన్నారా?

మన మహేంద్రతనయ ఏరు దాటితే ఆంధ్రలోని పాతపట్నం. అక్కడ పెళ్ళికాని కూతురికి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే కొడుకుతో సమాన వాటా 1985 సెప్టెంబరు నుంచీ ఉంది. ఇవతల, మన ఒడిశాలో, 2005 దాకా ఆగాల్సొచ్చింది. ఏరు దాటితే హక్కు, ఇవతల పేచీ!

ఆంధ్ర సరిహద్దులోని కొటియా ఊళ్ళ కోసం ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. రెండు ప్రభుత్వాల మధ్య ఆ తగాదా ఇంకా నలుగుతూనే ఉంది. వాళ్ళని పేచీకోర్లంటామా? సరిహద్దు వివాదం అంటాం, మర్యాదగా.

ముగించమని చీటీ వచ్చింది. అమ్మలూ, మీ పుట్టింటి పొలం పట్టాలో మీ పేరుందో లేదో ఈ వారంలోనే చూసుకోండి. అన్నయ్య ముఖం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి. అర్జీ ఒడియాలో రాయాలన్న బెంగొద్దు, సభ అయ్యాక వచ్చి కలవండి, నేను రాసిపెడతాను.