మూసీకి ఒక రిజిస్టరు

శ్రోతలకు నమస్కారం.

మూసీ పేరెత్తితే చాలు, చెయ్యి ముక్కు మీదికి పోతుంది. ఆ నదే వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, గండిపేట చెరువు నింపి, హైదరాబాద్ దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లిలో కృష్ణను కలుస్తుంది. దారి పొడవునా బడులున్నాయి. నది ఎలా ఉందో ఆ పిల్లలే ఎందుకు కనిపెట్టి చూడకూడదు?

జాతీయ హరిత దళం అనే ప్రభుత్వ పథకం కింద బడుల్లో ఎకో క్లబ్బులు, అంటే పిల్లల పర్యావరణ సంఘాలు, ఏనాటి నుంచో ఉన్నాయి. జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు ర్యాలీ, నాలుగు మొక్కలు, ఒక గ్రూప్ ఫోటో. తర్వాత ఆ మొక్కలకు నీళ్లు పోసే నాథుడుండడు.

ఆ క్లబ్బులు నది నీళ్లకు చేయదగ్గ ఒక పరీక్ష చెప్తాను. గాజుసీసాలో బుడగ లేకుండా నది నీళ్లు నింపి, మాంగనీస్ సల్ఫేటు, క్షారం కలిపిన అయోడైడు వేయాలి. ఆ పని సైన్సు సారుదే, చర్మం కాలుతుంది. మూత బిగించి తిప్పితే గోధుమరంగు మడ్డి దిగిందా, నీళ్లలో ఆక్సిజన్ ఉన్నట్టే. తెల్లగానే ఉండిపోయిందా, అక్కడ చేప బతకదు. ఎంత ఉందో ల్యాబులో లెక్క తేల్చొచ్చు. స్నానానికి పనికొచ్చే నదిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం.

కొలిచేది ఎప్పుడూ ఒకే చోట, ఒకే వేళకు కొలవాలి. ఎండలో పాచి ఆక్సిజన్ వదులుతుంది, తెల్లవారేసరికి అది తగ్గిపోతుంది. వేళ మారితే పోలికే కుదరదు. అలా నెలనెలా రాసిన రిజిస్టరు ఉంటే, ఫలానా నాలా కలిసిన చోటి నుంచే నీళ్లు చెడుతున్నాయని అంకెలతో అడగొచ్చు. ఉత్త అర్జీని పక్కన పడేసినంత సులువు కాదు దాన్ని పడేయడం.

నగరం దిగువ బడులవాళ్లకు ఒక హెచ్చరిక. అది మురుగు కలిసిన నీరు, పిల్లల్ని దింపొద్దు. గ్లవుజులు వేసుకుని, వంతెన మీది నుంచి తాడు కట్టిన బకెట్‌తో పెద్దవాళ్లే తోడాలి.

ఇంకో చిక్కుంది. నది బాగా చిక్కిపోయి, మురుగు పలచబడని ఎండాకాలంలోనే బడికి సెలవులు. ముఖ్యమైన అంకెలు రాయాల్సిందీ అప్పుడే. ఏటి దగ్గర ఇళ్లున్న పిల్లల్ని, సెలవుల్లోనూ ఊళ్లో ఉండే ఒక సారును మార్చిలోనే మాట్లాడి పెట్టుకోండి.