ఇంటిపేరు ముందా, వెనకా? రిఫరెన్సుల గురించి మాస్టారితో

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్ విజయనగరంలో, గంటస్తంభానికి దగ్గర్లో, మాస్టారింటి అరుగు మీద రికార్డు చేస్తున్నాం. మధ్యలో ఆటోల హారన్లు వినబడితే ఏమీ అనుకోకండి. మాస్టారు ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. నేను పలాస జీడిపప్పు పరిశ్రమలో ఆడవాళ్ల కూలి మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మాస్టారూ, నా పేపరు వెనక్కొచ్చేసింది.

మాస్టారు: బాగులేదన్నారా?

హోస్ట్: అసలు చదవనే లేదు. రివ్యూకి పంపకుండానే, రిఫరెన్సులు, అంటే నేను ఆధారంగా వాడిన పుస్తకాలూ వ్యాసాల లిస్టు, మా పద్ధతిలో లేవు, సరిచేసి పంపండి అని మెయిలు పెట్టారు.

మాస్టారు: ఏ పద్ధతిలో రాశావమ్మా?

హోస్ట్: అక్కడే వచ్చింది గొడవ. మొదట వేరే జర్నల్‌కి పంపాను. వాళ్లది ఏపీఏ, బ్రాకెట్లో పేరు, సంవత్సరం. వాళ్లు వద్దన్నారు. రెండో జర్నల్‌ది నంబర్ల పద్ధతి, వాక్యం పక్కన ఒక అంకె, వెనక లిస్టులో అదే అంకె. నాలుగు రాత్రులు కూర్చుని చేత్తో నంబర్లు వేశాను. అంతా అయ్యాక మా గైడ్ గారు రెండో పేజీలో ఒక్క వాక్యం చేర్చమన్నారు. దానికో రిఫరెన్సు.

మాస్టారు: అయిపోయింది! అక్కణ్నుంచి కింద ఉన్నవన్నీ ఒక్కో అంకె జరగాలి.

హోస్ట్: 52 వరకూ. కొన్ని మార్చాను, కొన్ని మర్చిపోయాను. 31 చూడమని రాసినచోట జీడితోటల వ్యాసం ఉండాలి, తీరా చూస్తే కిడ్నీ జబ్బుల వ్యాసం ఉంది.

మాస్టారు: ఉద్దానం కదా, రెండూ ఒకచోటే. (నవ్వు) చూడమ్మా, ఆ నంబర్ల పద్ధతిని వాంకూవర్ అంటారు. 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో కలుసుకుని, అందరికీ ఒకే పద్ధతి ఉంటే బావుంటుందని మొదలుపెట్టింది. అప్పుడు టైపు మిషన్లు, చేత్తో దిద్దుకోక తప్పేది కాదు. నీకేం ఖర్మ? జోటెరో అని రిఫరెన్సులు దాచిపెట్టి లిస్టు తయారుచేసే సాఫ్ట్‌వేర్ 2006 నుంచి ఉంది, పైసా కట్టక్కర్లేదు. వర్డ్‌లో దాంతోనే సైటేషన్ పెడితే మధ్యలో ఎన్ని చేర్చినా నంబర్లు అవే జరుగుతాయి. జర్నల్ మారితే స్టైల్ పేరు మార్చు, లిస్టంతా మారిపోతుంది.

హోస్ట్: వెనక్కొచ్చాక పెట్టుకున్నాను. టెన్షన్ తీరిందనుకుంటే కొత్తది మొదలైంది.

మాస్టారు: పేర్లా?

హోస్ట్: ఎలా చెప్పారు?

మాస్టారు: ముప్పై ఏళ్లు నా కొట్లాటంతా దాంతోనే కదా. ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలిసింది ఒకటే, చివర ఉన్నది ఇంటిపేరు. మనకేమో ఇంటిపేరు ముందు. గిడుగు వారి సవర భాషా వ్యాకరణం ఉంది, ఇంగ్లీషులో రాశారు, 1931లో మద్రాసులో అచ్చయింది. బయటి భాషాశాస్త్రవేత్తల లిస్టుల్లో అది 'రామమూర్తి, జి. వి.' అని 'ఆర్' కింద ఉంటుంది. మన పిల్లలు 'గిడుగు' అని 'జి' కింద రాస్తారు. పైగా రామమూర్తి చివర కొందరు 'టీ ఐ' అంటారు, కొందరు 'టీ హెచ్ వై' అంటారు. వెల్చేరు నారాయణరావు గారిదీ అంతే. ఒక పుస్తకం వెనక 'రావు, వెల్చేరు నారాయణ', ఇంకోదాని వెనక 'నారాయణరావు, వెల్చేరు'. మనిషి ఒక్కరే, లిస్టుల్లో ఇద్దరు.

హోస్ట్: మరి ఏది రాయాలి?

మాస్టారు: స్పెల్లింగ్ మాత్రం పుస్తకం లోపలి టైటిల్ పేజీలో ఎలా ఉంటే అలాగే. నీకు తప్పనిపించినా దిద్దకు. వరుస విషయానికొస్తే, ఆ రచయిత తన పేరు ఎలా వాడుకుంటున్నారో చూసి ఒకటి ఎంచుకో, లిస్టు చివరిదాకా దానికే కట్టుబడు. సగం అలా, సగం ఇలా ఉంటేనే తంటా.

హోస్ట్: నంబర్ల పద్ధతిలో అక్షరక్రమం ఉండదుగా, అయినా అంత పట్టింపు ఎందుకు?

మాస్టారు: ఉండదు. కానీ నువ్వు తిరగేసి రాసిన పేరుతో ఎవరైనా కేటలాగులో వెతికితే దొరకదు. ఆ రచయితను ఎవరెవరు ఉదహరించారని లెక్కపెట్టే యంత్రాలూ రెండు లెక్కలు వేస్తాయి. అది సరే, నీ పేరు ఎలా పడింది?

హోస్ట్: మొదటి పేపర్లో ఇంటిపేరు ఒక్క అక్షరమే. రెండోదాంట్లో పూర్తిగా.

మాస్టారు: చూశావా! ఇక ఒక్క రూపమే ఖాయం చేసుకో. ఆర్కిడ్ అని 16 అంకెల నంబరొకటి ఇస్తారు, 2012 నుంచి ఉంది, ఉచితమే. ఈరోజే తీసుకో. పేరు ఎలా పడినా ఆ నంబరు నీదే.

హోస్ట్: తీసుకుంటాను. గూగుల్ స్కాలర్‌లో 'సైట్' నొక్కి కాపీ చేస్తే చాలదా? మా వాళ్లందరూ అదే చేస్తారు.

మాస్టారు: చాలదు. ఒక్కోసారి సంచిక నంబరు ఉండదు, పేజీలుండవు. డీఓఐ, అంటే ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు, ఉంటే అది జోటెరోలో వేయి, వివరాలు అదే తెచ్చుకుంటుంది. తెచ్చాక కూడా ఒకసారి కళ్లతో చూడాలి. ఏఐని రిఫరెన్సులు అడిగేవాళ్లు ఈమధ్య తయారయ్యారు. అది ఇచ్చేదాంట్లో పేరు, సంవత్సరం, పత్రిక అన్నీ నిఖార్సుగా ఉంటాయి, ఆ వ్యాసం మాత్రం లోకంలో ఉండదు! డీఓఐని బ్రౌజర్‌లో వేసి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది.

హోస్ట్: పాత పుస్తకాలకి డీఓఐ ఉండదుగా.

మాస్టారు: అందుకే నీ చేతిలో ఉన్న ముద్రణే రాయాలి. కన్యాశుల్కం సంగతే తీసుకో. గురజాడ 1897లో అచ్చువేసిందీ, 1909లో తిరగరాసిందీ దాదాపు రెండు నాటకాలు. ఉత్త 'కన్యాశుల్కం, 1897' అని రాసి రెండోదాంట్లోంచి డైలాగు ఎత్తితే, వెతికినవాడికి అది కనబడదు. నువ్వేమో ఎవరిదో లిస్టులోంచి ఎత్తుకుని...

హోస్ట్: లేదు మాస్టారూ! మూడు మాత్రం అలా ఉన్నాయి.

మాస్టారు: మూడూ తీసెయ్, లేకపోతే తెచ్చి చదువు. అసలుది దొరకనే దొరక్కపోతే, ఫలానావారు ఉదహరించారని చెప్పి రాయి. అది తప్పు కాదు.

హోస్ట్: తెలుగు పుస్తకాలకి?

మాస్టారు: జర్నల్ సూచనల్లో ఏమందో ముందు చూడు. ఏపీఏ అయితే తెలుగు పేరును ఇంగ్లీషు లిపిలో రాసి, పక్కన చదరపు బ్రాకెట్లో దాని అర్థం. సూచనల పేజీలు పాతబడి ఉంటాయి, అందుకని అదే జర్నల్‌లో ఈమధ్య వచ్చిన వ్యాసం ఒకటి దించుకుని దాని లిస్టు పక్కన పెట్టుకో. నేనైతే సూచనల కంటే దాన్నే నమ్ముతాను. ఏదీ, ప్రింటు తెచ్చావా?

హోస్ట్: తెచ్చాను. సిరిమానోత్సవంలోపు తిరిగి పంపేయాలనుకుంటున్నాను.

మాస్టారు: ఎర్ర పెన్ను ఇలా ఇవ్వు. పేపర్లో కనబడిన నంబరుకల్లా లిస్టులో ఒక టిక్కు. టిక్కు పడనిది లిస్టులోంచి పోవాలి... ఆగు, 14. 'ప్రదేశ్ జి. ఆఫ్ ఏ.' ఎవరమ్మా ఈయన?

హోస్ట్: ఏమో మాస్టారూ. కూలిరేట్ల మీద రాశారు.

మాస్టారు: గవర్నమెంట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్!

హోస్ట్: (నవ్వు) అయ్యో!

మాస్టారు: నువ్వు జోటెరోలో ప్రభుత్వాన్ని పేరు, ఇంటిపేరు గడుల్లో వేశావు. పక్కన చిన్న బటన్ ఉంటుంది, నొక్కితే రెండు గడులూ ఒకటవుతాయి. సంస్థల పేర్లన్నీ అందులోనే వేయాలి. 22లో 'ఆర్గనైజేషన్ డబ్ల్యూ. హెచ్.' అని ఇంకో పెద్దమనిషి ఉన్నాడు, వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్!

హోస్ట్: రెండో పేజీ కూడా ఉంది మాస్టారూ.

మాస్టారు: ఉండు, ముందు టీ తాగుదాం.