బ్రిటన్ వ్యాపారుల కథలు మన చిన్న దుకాణానికి పనికొస్తాయా? నా రివ్యూ

నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ చిన్న ప్లాస్టిక్ సీసా చూడండి. ల్యాబుకు వెళ్తే మూత్ర పరీక్ష కోసం ఇచ్చే సీసా ఇది. నిన్న మందుల షాపులో కొన్నాను. 1976లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్ అనే ఊళ్లో ఒకావిడ కొత్తగా దుకాణం తెరుస్తూ తన క్రీములు, షాంపూలు పోయడానికి ఇలాంటి సీసాలే తెచ్చుకుంది. అంతకంటే చవకైనవి ఆమెకు దొరకలేదు మరి. ఆమె పేరు అనితా రాడిక్. ఆ దుకాణం పేరు బాడీ షాప్. ఆమె గురించి చివర్లో తీరిగ్గా మాట్లాడుకుందాం. ఈ సీసాను మాత్రం బల్ల మీద ఇలాగే ఉంచుతాను.

చిన్న వ్యాపారులకు ఆదర్శంగా బ్రిటన్ వాళ్ల పేర్లు చాలామంది చెబుతుంటారు. ఆ వీడియోలు నేనూ చాలా చూశాను. వర్జిన్ కంపెనీలు పెట్టిన రిచర్డ్ బ్రాన్సన్ విమానాలు, దీవి, బెలూన్ ప్రయాణాలు చూపిస్తారు. చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ నెల మొదటి తారీఖున దుకాణం అద్దె కట్టాల్సిన మనిషికి ఆ దీవితో ఏం పని? అందుకే ఈ రివ్యూలో నేను ఒకే ఒక్క కొలబద్ద పెట్టుకున్నాను. చేతిలో డబ్బు లేనప్పుడు వీళ్లు ఏం చేశారు? ఆ పని మన వంద చదరపు అడుగుల కొట్లో నడుస్తుందా? పెద్దవాళ్లయ్యాక చేసినవాటిని దాదాపు వదిలేస్తున్నాను.

మొదట మైకేల్ మార్క్స్. బ్రిటన్‌లో పెద్ద దుకాణాల సంస్థ మార్క్స్ అండ్ స్పెన్సర్ పేరులోని మార్క్స్ ఈయనే. పుట్టింది ఇంగ్లండులో కాదు. అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పుడు బెలారుస్‌లో ఉన్న స్లోనిమ్ అనే ఊళ్లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. 1880ల మొదట్లో ఉత్తర ఇంగ్లండులోని లీడ్స్ నగరం చేరాడు. చేతిలో డబ్బు లేదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఐజాక్ డ్యూహర్స్ట్ అనే టోకు వ్యాపారి ఇతనికి అయిదు పౌండ్లు అప్పు ఇచ్చాడు. మార్క్స్ ఆ డబ్బుతో డ్యూహర్స్ట్ దగ్గరే సరుకు కొన్నాడు. సూదులు, దారాలు, గుండీలు, మేజోళ్లు మూట కట్టుకుని చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి అమ్మాడు. అప్పు కొంచెం తీర్చిన ప్రతిసారీ మళ్లీ సరుకు తెచ్చుకునేవాడు.

1884లో లీడ్స్‌లోని కర్క్‌గేట్ మార్కెట్‌లో ఒక బల్ల పెట్టాడు. అక్కడ అతను చేసిన పనే నాకు అన్నిటికన్నా నచ్చింది. సరుకును ధరల వారీగా విడదీశాడు. ఒక్క పెన్నీకి వచ్చేవన్నీ ఒకవైపు పేర్చి, పైన బోర్డు కట్టాడు. "ధర అడగొద్దు, ఒక్క పెన్నీ" అని దాని భావం. భాష రానివాడు బేరం ఎలా ఆడతాడు? ఆ బాధ అతనికీ తప్పింది, కొనేవాళ్లకూ తప్పింది. ఎక్కువ అమ్ముడయ్యేది ఆ పెన్నీ వైపే అని తేలాక మిగతా ధరల సరుకు ఎత్తేశాడు.

ఇక్కడ కాస్త లెక్క వేసి చూద్దాం. ఆ రోజుల్లో పౌండుకు 240 పెన్నీలు. అంటే డ్యూహర్స్ట్ ఇచ్చిన అయిదు పౌండ్లు 1,200 పెన్నీలు. ఒక్కో వస్తువు మీద మిగిలేది పెన్నీలో చిన్న ముక్క. ఆ ముక్కతో బతకాలంటే సరుకు చకచకా కదలాలి. కొనే ధర తగ్గాలి. అందుకే ఆ తర్వాతి కాలంలో ఆ కంపెనీ మధ్యవర్తిని దాటి నేరుగా తయారుచేసేవాళ్ల దగ్గరికే వెళ్లింది. బోర్డు మీద ధర రాయడం తేలిక. ఆ ధరకు సరుకు సంపాదించడమే అసలు కష్టం. వీడియోల్లో బోర్డు గురించి చెబుతారు, ఈ కష్టం గురించి చెప్పరు.

మన తిరునాళ్లలో, సంతల్లో "ఏది తీసుకున్నా ఇరవై" అని అరిచే బండ్లు మీకు తెలుసు. మా పిన్నికి తెనాలిలో ఒక ఫ్యాన్సీ షాపు ఉంది. క్లిప్పులు, రిబ్బన్లు, గాజులు, బొట్టుబిళ్లలు అమ్ముతుంది. పోయిన ఏడాది ఆమెతో ఒక ట్రే పెట్టించాను. అందులో ఉన్నవన్నీ ఇరవై రూపాయలే. దాని మీద పెద్ద అక్షరాలతో చీటీ అంటించాం. నెల గడిచాక పిన్ని ఒక మాట చెప్పింది. బడి పిల్లలు అంతకుముందు వాళ్ల అమ్మలతోనే వచ్చేవాళ్లు. ఇప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి వాళ్లంతట వాళ్లే వస్తున్నారు, ట్రే దగ్గర నిలబడి తీరిగ్గా ఏరుకుంటున్నారు. ధర అడగాలంటే పిల్లలకు బెరుకు. అడిగాక కొనకుండా వెళ్లాలంటే ఇంకా బెరుకు. ఆ చీటీ ఆ బెరుకును తీసేసింది. మార్క్స్ దుకాణాల బయట కూడా "ప్రవేశం ఉచితం" అని రాసి ఉండేది. కొనకపోయినా ఫర్వాలేదు, లోపలికి వచ్చి చూసుకోండి అని.

లోపం కూడా చెబుతాను. టోకు ధర పెరిగిన ప్రతిసారీ పిన్ని ట్రేలోంచి ఏదో ఒక వస్తువు తీసేయాల్సి వస్తోంది. మార్క్స్ అండ్ స్పెన్సర్‌కూ అదే జరిగింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ధరలు పెరిగిపోయి పెన్నీ పద్ధతి వదిలేయాల్సి వచ్చింది. కాబట్టి ఒకే ధర పద్ధతిని దుకాణమంతటికీ పెట్టకండి, ఒక మూలకు పెట్టండి. 1894లో మార్క్స్ తన వ్యాపారంలో సగం వాటాను థామస్ స్పెన్సర్‌కు 300 పౌండ్లకు ఇచ్చాడు. ఆ స్పెన్సర్ ఎవరో కాదు, డ్యూహర్స్ట్ దగ్గర లెక్కలు చూసే క్యాషియరు. తనకు లేని లెక్కల నేర్పు ఉన్న మనిషిని, పదేళ్లుగా తెలిసిన చోటి నుంచే తెచ్చుకున్నాడు. మార్క్స్‌కు నేను పదికి తొమ్మిది ఇస్తాను.

రెండో మనిషి స్టెఫనీ షర్లీ. 1939లో, అయిదేళ్ల వయసులో, నాజీల బారి నుంచి తప్పించి యూదు పిల్లలను ఇంగ్లండుకు చేర్చిన రైళ్లలో వచ్చిన పిల్ల ఈమె. 1962లో ఆరు పౌండ్లతో, ఇంట్లో భోజనాల బల్ల మీద సాఫ్ట్‌వేర్ కంపెనీ మొదలుపెట్టింది. పెళ్లయి, పిల్లలు పుట్టి ఉద్యోగం మానేయాల్సి వచ్చిన ఆడవాళ్లకు ఇంటి నుంచే పని ఇచ్చింది. వ్యాపారం కోరుతూ స్టెఫనీ అనే పేరుతో రాసిన ఉత్తరాలకు జవాబులు రాలేదు. భర్త సలహా మీద "స్టీవ్" అని సంతకం పెట్టాక రావడం మొదలైంది. ఫోనులో పిల్లల ఏడుపు వినిపించకూడదని, టైపు యంత్రాల చప్పుడు టేపు మీద రికార్డు చేసి వెనక వినిపించేది. కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్సుకు ప్రోగ్రాములు రాసింది ఈ ఇళ్లలో కూర్చున్న ఆడవాళ్లే.

టేపు రికార్డరు కథ విని అందరూ ముచ్చటపడతారు. నాకు మాత్రం ఇంకో సంగతి ముఖ్యం. ఆమె మనుషులు ఒకరు పొద్దున రెండు గంటలు, ఒకరు రాత్రి మూడు గంటలు పనిచేసేవాళ్లు. గంటల లెక్కన బిల్లు వేస్తే ఈ సంగతి బయటపడుతుంది. అందుకని పని మొత్తానికి ఒకే ధర చెప్పేది. పని ఎవరు ఎప్పుడు చేస్తున్నారో అడిగే అవసరమే కొనేవాళ్లకు లేకుండా చేసింది. మార్క్స్ బోర్డు గుర్తొస్తోంది కదా! ఇంట్లో బ్లౌజులు కుట్టేవాళ్లు, పిండివంటలకు ఆర్డర్లు తీసుకునేవాళ్లు, అకౌంట్లు రాసిపెట్టేవాళ్లు ఈ ఒక్క పద్ధతి తీసుకోండి. పనికి ఎంతో చెప్పండి. ఎన్ని గంటలు పడుతుందన్నది మీ లెక్క. తర్వాత ఆమె తన వాటాలు ఉద్యోగులకు పంచిపెట్టింది. వాళ్లలో 70 మంది కోటీశ్వరులయ్యారు.

మూడో పేరు మన హైదరాబాదుది. కరణ్ బిలిమోరియా, కోబ్రా బీరు పెట్టినాయన. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో బీకాం చదివి, లండన్ వెళ్లి చార్టర్డ్ అకౌంటెంట్ అయ్యాడు. మొదట్లో భాగస్వామి అర్జున్ రెడ్డి. తలమీద చదువుకు చేసిన 20,000 పౌండ్ల అప్పు ఉంది. అక్కడి లాగర్ బీరులో గ్యాసు ఎక్కువ, మన మసాలా కూరలతో తాగితే కడుపు ఉబ్బరం. ఈ చిన్న అసౌకర్యం పట్టుకుని బెంగళూరులో బీరు తయారుచేయించి, పాత సిట్రోయెన్ కారులో పెట్టెలు వేసుకుని, ఒక్కో ఇండియన్ రెస్టారెంటు తలుపు తట్టాడు. తాను భోంచేసే చోటే ఒక లోటు కనిపించింది, ఆ భోజనం వడ్డించేవాళ్లకే సరుకు అమ్మాడు. ఆ మొదటి రోజులకు మంచి మార్కులే వేస్తాను. ఆ తర్వాతి కథ కూడా చెప్పాలి. 2009లో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. వ్యాపారం మోల్సన్ కూర్స్ అనే పెద్ద కంపెనీతో కలిసి పెట్టిన కొత్త సంస్థకు మారింది. హామీ లేకుండా అప్పు ఇచ్చినవాళ్లు తీవ్రంగా నష్టపోయారు. అరువు మీద సరుకు ఇచ్చే చిన్న వ్యాపారి ఈ కథను అటువైపు నుంచి కూడా చదవాలి. పెద్ద పేరున్న కొనుగోలుదారు దగ్గర బాకీ పేరుకుపోతుంటే మీ రాత్రి నిద్ర ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను అలా ఒకసారి ఏడాదిపాటు తిరిగాను.

జేమ్స్ డైసన్ గురించి త్వరగా చెప్పేస్తాను. సంచీ లేని వాక్యూమ్ క్లీనరు కోసం 5,127 నమూనాలు చేశాడని అందరూ చెబుతారు, నిజమే. ఆ అయిదేళ్లూ ఇల్లు గడవడానికి చిత్రకళ నేర్పే భార్య జీతం ఆసరా అయింది. ఆ ఆసరా లేనివాళ్లను అయిదు వేల ప్రయోగాలు చేయమనడం న్యాయం కాదు. డైసన్ నుంచి తీసుకోవాల్సింది అంతకుముందు కథ. చక్రం బదులు బంతి పెట్టిన తోపుడు బండిని ఆయనే కనిపెట్టాడు. పేటెంటు మాత్రం కంపెనీ పేరున రాశాడు. 1979లో భాగస్వాములు ఆయనను బయటికి పంపేశారు. కనిపెట్టింది కూడా అక్కడే ఉండిపోయింది. మీ పచ్చళ్ల బ్రాండు పేరు, లోగో ఎవరి పేరున రిజిస్టరు అయ్యాయో ఈ రాత్రే ఒకసారి కాగితాలు తీసి చూడండి.

ఇప్పుడు ఈ సీసా దగ్గరికి వద్దాం.

అనితా రాడిక్ లిటిల్‌హాంప్టన్ అనే చిన్న ఊళ్లో ఇటలీ నుంచి వలసవచ్చిన కుటుంబంలో పుట్టింది. తల్లి కాఫీ హోటలు నడిపేది. యుద్ధకాలంలో ఏదీ పారేయకుండా మళ్లీ వాడుకోవడం ఆ ఇంట్లో అలవాటు. దుకాణం కోసం 4,000 పౌండ్ల అప్పు అడగడానికి టీషర్టు వేసుకుని, పిల్లలను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్తే కుదరదన్నారు. తర్వాత భర్త గోర్డన్‌తో కలిసి, సూటు వేసుకుని కాగితాలతో వెళ్తే ఇచ్చారు. ఇక్కడ నాకు కోపం వస్తుంది. మనిషి అదే, దుకాణం అదే. మన దగ్గరా ఎందరో ఆడవాళ్లకు ఈ అనుభవం ఉంది.

దుకాణం గోడలకు చెమ్మ. మరకలు కనబడకుండా ముదురు ఆకుపచ్చ రంగు వేయించింది. తర్వాత ప్రపంచమంతా ఆ ఆకుపచ్చే బాడీ షాప్ గుర్తు అయింది. సీసాలు సరిపడా కొనే డబ్బు లేదు, కాబట్టి ఖాళీ సీసా తెస్తే మళ్లీ నింపి ఇస్తానంది. లేబుళ్లు అచ్చు వేయించలేక చేత్తో రాసింది. సరుకు రకాలు కొన్నే, బల్లలు బోసిగా కనిపిస్తాయని ఒక్కో రకాన్నే చిన్నా పెద్దా సైజుల్లో పేర్చింది. జనం రావడం లేదని వీధి పొడవునా స్ట్రాబెర్రీ పరిమళం చల్లుకుంటూ దుకాణం దాకా వచ్చేది. పక్కన ఉన్న అంత్యక్రియల నిర్వాహకులు "బాడీ షాప్" అనే పేరు మీద అభ్యంతరం చెబితే, ఆ సంగతి స్థానిక పత్రికకు చేరవేసింది. ఖర్చు లేకుండా ప్రచారం దొరికింది.

ఒక్కొక్కటీ పేదరికం నుంచి పుట్టిన పద్ధతే. అందుకే ఈమె కథ నాకు ఇష్టం. అయినా ఒక మార్కు తగ్గిస్తున్నాను. అమెరికాలోని బర్కిలీలో 1970 నుంచే అదే పేరుతో, చేతిరాత లేబుళ్లతో, సీసాలు మళ్లీ నింపి ఇచ్చే దుకాణం ఒకటి ఉంది. 1987లో ఆ పేరు మీద హక్కుల కోసం ఈమె కంపెనీ వాళ్లకు 35 లక్షల డాలర్లు ఇచ్చింది. కాబట్టి అన్నీ ఆమె బుర్రలోనే పుట్టాయని నేను చెప్పలేను. కంపెనీని 2006లో లోరియాల్ అనే పెద్ద సౌందర్య సాధనాల కంపెనీకి అమ్మినప్పుడు ఆమెను నమ్మి కొన్న ఎంతోమంది నొచ్చుకున్నారు. చేతులు మారి మారి 2024లో బ్రిటన్‌లోని బాడీ షాప్ దివాలా ప్రక్రియ దాకా వెళ్లింది.

ఇక ఒక్క సంగతి మిగిలింది. కరీంనగర్ నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. చిరుధాన్యాల లడ్డూలు చేసి అమ్ముతోంది. రెండో కొట్టు పెట్టాలని ఆశ. బంధువు ఒకాయన మూడు లక్షలు ఇస్తాను, సగం వాటా రాసివ్వమంటున్నాడట. ఏం చేయమంటారు అక్కా అని అడిగింది.

చెల్లీ, రాడిక్ కూడా సరిగ్గా అక్కడే నిలబడింది. మొదటి దుకాణం తెరిచి ఏడాది కూడా కాలేదు. రెండోదానికి మరో 4,000 పౌండ్లు కావాలి. బ్యాంకు ఇంకా ఆగమంది. గోర్డన్ దక్షిణ అమెరికాలో ఉన్నాడు, గుర్రం మీద బ్యూనస్ ఎయిర్స్ నుంచి న్యూయార్క్ వెళ్లాలని బయలుదేరాడు. గ్యారేజీ నడిపే ఇయన్ మెక్‌గ్లిన్ అనే పరిచయస్తుడు ఆ 4,000 ఇస్తానన్నాడు, బదులుగా సగం వాటా అడిగాడు. ఆమె ఒప్పుకుంది. ముప్పై ఏళ్ల తర్వాత కంపెనీని అమ్మినప్పుడు అతని చేతికి పది కోట్ల పౌండ్లకు పైగా వచ్చాయి. అతను చేసినదాంట్లో తప్పేమీ లేదు, ఎవరూ ఇవ్వనప్పుడు ఇచ్చాడు. ఆ డబ్బు లేకపోతే రెండో దుకాణమే లేదు. కానీ సంతకం పెట్టేముందు ఆమె గోర్డన్‌కు ఉత్తరం రాసింది. సగం ఇవ్వొద్దని అతను తిరిగి రాశాడు. ఆ జవాబు ఇంటికి చేరేసరికి సంతకాలు అయిపోయాయి.