వింటే చాలు, చూడక్కర్లేదు

అందరికీ నమస్కారం. ఈ నెల రోజుల్లో టీవీలో ఏమేం చూశారో చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. చూసినవా, విన్నవా అని ముందు తేల్చుకోవాలి. సాయంత్రమైతే మా ఇంట్లో టీవీ మోగుతూనే ఉంటుంది. ఎదురుగా కుదురుగా కూర్చునేవాళ్లే తక్కువ. ఒకరు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటారు, ఒకరు ఫోన్లో ఉంటారు, నేను పొయ్యి దగ్గర ఉంటాను.

మొదట సీరియల్స్. 'కార్తీక దీపం' రెండో భాగం మా ఇంట్లో తప్పదు. మొదటి భాగం 2017లో మొదలై 2023 దాకా నడిచింది. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు' దానికి మూలం. అక్కడ నాయికగా వేసిన ప్రేమీ విశ్వనాథే ఇక్కడికొచ్చి మనకు వంటలక్క అయ్యారు. అందులో ఆమె భర్త డాక్టర్ బాబుకి, పుట్టిన పిల్లలు తన వాళ్లేనా అని భార్య మీద అనుమానం. డాక్టరై ఉండి ఒక్క డీఎన్ఏ పరీక్షకు ఇన్నేళ్లా అని రెండు రాష్ట్రాల్లోనూ జోకులు పేలాయి.

ఈ నెల టీవీకి వీపు పెట్టి వింటూ ఉంటే, కథలో ఒక్క ముక్క కూడా తప్పిపోవడం లేదని గమనించాను. ఎందుకంటే గుమ్మంలోకి ఎవరొచ్చినా పేరు పెట్టి "నువ్వెందుకొచ్చావు?" అంటారు. విలన్ మనసులో వేసే పథకం కూడా మనకు పైకే వినిపిస్తుంది. నిన్న జరిగింది ఇవాళ ఇంకో పాత్రకు పూసగుచ్చినట్టు చెబుతారు. నిన్న కరెంటు పోయినవాళ్లకు అదే దిక్కు. ఇక షాక్ తగిలిందంటే అందరి ముఖాలూ ఒకటికి మూడుసార్లు తిప్పి చూపిస్తారు. ఆ కాసేపట్లో పోపు మాడకుండా దించేయొచ్చు. ఇదంతా రేడియో నాటకం పద్ధతి. మనం సాగదీత అని తిట్టేదాంట్లో సగం, చేతిలో పని ఉన్నవాళ్ల కోసం కావాలని చేసిందే. మిగతా సగం అచ్చమైన సాగదీతే, కాదనను. వారానికి ఆరు రోజులు నడపాలంటే ఎంత కథని తెస్తారు పాపం!

నాకు పేచీ సాగదీతతో కాదు. ఇంత శ్రద్ధగా ఆడవాళ్ల పనివేళలను లెక్కేసుకున్నవాళ్లు, వాళ్లకు వినిపించేది మాత్రం ఏడుపు, విషం కలిపిన పాలు, గతం మరిచిపోవడం. వంటింట్లో ఉన్న మనిషికి ఇంతకన్నా మంచి కథ పట్టదనుకున్నారా?

దీనికి పూర్తిగా ఎదురుది 'అమృతం' అనే హాస్య సీరియల్. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది, ఇప్పుడు యూట్యూబ్‌లో చూస్తున్నాను. అది వింటే చాలదు. అంజిగా గుండు హనుమంతరావు గారి ముఖం చూడకపోతే సగం నవ్వు పోయినట్టే. ఇంటి ఓనర్ అప్పాజీ అద్దె కోసం వస్తున్నాడంటే స్టవ్ కట్టేసి కూర్చోవాల్సిందే. వారానికొక్కటే కాబట్టి రాసేవాళ్లకు తీరిక ఉండేది, ఆ తీరిక తెర మీద కనిపిస్తుంది.

'పాడుతా తీయగా' సంగతి విచిత్రం. పాటల కార్యక్రమం కదా, చెవులు చాలాలి. కానీ చూడబుద్ధేస్తుంది. పిల్ల చరణం అందుకోగానే ప్రేక్షకుల్లో కూర్చున్న తల్లి పెదవులు కదులుతుంటాయి. 1996లో బాలు గారు మొదలుపెట్టినప్పటి నుంచీ పాట అయ్యాక వచ్చే మాటల కోసమే చూసేవాళ్లున్నారు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, 'శ'కీ 'ష'కీ తేడా ఎలా పలకాలి అన్నవి ఆయన పిల్లల్ని నొప్పించకుండా చెప్పేవారు. ఆయన పోయాక కొడుకు చరణ్ నడిపిస్తున్నారు. తండ్రిలా మాట్లాడబోకుండా తన తీరులో తానుండటం నాకు నచ్చింది.

బిగ్ బాస్ గురించి ఎక్కువ చెప్పను. నాగార్జున గారు వచ్చే శని, ఆదివారాలు చూస్తే సరిపోతుంది, వారమంతా ఎవరు ఎవరితో ఎందుకు పోట్లాడుకున్నారో ఆయనే విడమరిచి చెబుతారు.

ఇక మీరేం చూశారో చెప్పండి, వింటాను.